మిర్చీల పొట్లంలో నలభై మూడో పేజీ

ఖానాపూర్,
17 ఆగస్టు 1997

గంగామణి అక్కా,

"ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాం" అని మొదలయ్యే జాబు నేను రాయనని నీకు తెలుసు. క్షేమంగా ఉన్నవాడికి జాబుతో పనేమిటి? నాకు కోపం వచ్చింది, అందుకే రాస్తున్నాను.

నిన్న సాయంత్రం మంచిర్యాల బస్సు డ్రైవర్ నాగయ్య నీ అట్టపెట్టెను మన పఠన మందిరం గడప మీద దబ్బున పడేసి, "మీ అక్క పంపింది. మంచిర్యాల కాడి నుంచి కాళ్ల సందుల పెట్టుకొని వచ్చిన" అన్నాడు. లోపల నలుగురం ఉన్నాం. స్వాతంత్ర్యానికి యాభై ఏళ్లని ఊరంతా కట్టిన కాగితపు జెండాలు వానకు తడిసి రంగు కారుతున్నాయి. ఇంతకూ ఎవరికి వచ్చింది స్వాతంత్ర్యం అనే దాని మీద వాదించుకుంటున్నాం. మా అక్క పుస్తకాలు పంపిందని గొప్పగా చెప్పి అందరి ముందు పెట్టె విప్పాను. నా పరువు తీశావు.

కంప్యూటర్ పుస్తకాలు. పైగా కాటికి కాళ్లు చాచినవి. అన్నీ డాస్ మీదనే. డాస్ అంటే కంప్యూటర్‌ను నడిపించే పాత పద్ధతి, నల్ల తెర మీద ఇంగ్లిష్ మాటలు కొట్టి దానికి హుకుం ఇయ్యాలి. ఇప్పుడు విండోస్ వచ్చింది, తెర మీద బొమ్మలుంటాయి, చేతికింద ఎలుకలాంటిది పెట్టి బొమ్మను నొక్కితే చాలు. ఇది నాకు పేపర్లో చదివి తెలుసు. నీకు ఆ కంప్యూటర్ స్కూలు పక్కనే ఇల్లుండి తెలియదా?

"తమ్మీ, వీటిల ఏది పనికొస్తదో చూసి రాయి" అని చీటీ పెట్టావు. చూశాను, రాస్తున్నాను. లావుపాటి దాని అట్ట మీద టై కట్టుకున్నవాడు పళ్లికిలిస్తున్నాడు. మొదటి పేజీలోనే "మీ సెక్రటరీని అడగండి" అంటాడు. ఖానాపూర్‌లో సెక్రటరీ అంటే గ్రామపంచాయతీ సెక్రటరీ ఒక్కడే, ఆయన నెలకొకసారి కనబడతాడు. ఎర్ర అట్టది సగం దాకా మిషన్ల ప్రకటనలే. నీలం అట్టది 1984లో అచ్చయింది. అప్పుడు నేను మూడో తరగతి. మూడో తరగతి నిక్కరు ఇప్పుడు తొడుక్కోమన్నట్టుంది నీ వరుస.

మన మందిరంలో ఒక నియమం ఉంది. లోపలికి వచ్చే ప్రతి పుస్తకాన్నీ రెండు ప్రశ్నలు అడుగుతాం. నువ్వెవరి కోసం? ఎవరి బరువు దించుతావు? నీ పుస్తకాలు రెండింటికీ నోరు తెరవలేదు. అసలు సంగతి నాకు అర్థమైంది. ఆ స్కూలాయన కొత్త చదువు పెట్టి పాత చెత్తను నీ నెత్తిన పెట్టాడు, నువ్వు నా నెత్తిన పెట్టావు. రేపు "ఫలానా వారి దానం" అని బోర్డు పట్టుకొని దిగుతాడు. ఆ బోర్డును నేను మన ఊరి వాగులో పడేస్తాను, ముందే చెప్పు.

అవ్వ నీకు పచ్చిజొన్న కంకులు పంపుతానంది. నాగయ్యకు ఇస్తాను. ఆయనకు కాళ్ల సందులో మోయడం అలవాటే కదా.

బావ నడుము ఎట్లా ఉంది?

కోపంతోనే,
పోశెట్టి


మంచిర్యాల,
22 ఆగస్టు 1997

పోశెట్టీ,

నీ జాబు అందింది. అంత రాసినవు గని నేనడిగిన ముచ్చట మాత్రం రాయలే. ఏది పనికొస్తది అని అడిగిన. ఏదెప్పుడు అచ్చయిందో లెక్క చెప్పినవు. పెండ్లికి పిల్లను చూసి రమ్మంటే పిల్ల పుట్టిన సాలు ఒక్కటే తెలుసుకొని వచ్చినట్టున్నది.

వాటిల ఎన్ని పుటలు చదివినవు? నిజం చెప్పు. నువ్వు చదివితే నాకు తెలుస్తది. నువ్వు పుస్తకం చదువవు, దానితోటి పంచాయితి పెట్టుకుంటవు. ఐదో తరగతి తెలుగు వాచకం నిండా పక్కపొంటి "అబద్ధం", "నీకెట్ల తెలుసు", "పాగల్‌గాడు" అని రాసినవని సారు నిన్ను బెంచి ఎక్కించిండు. సాలు అయిపోయినంక ఆ వాచకాన్ని సగం ధరకు అమ్మబోతే ఎవ్వలూ కొనలే. ఈ జాబుల నువ్వు తిట్టింది అట్టలను, లోపలిదాన్ని కాదు.

స్కూలాయన బోర్డు ఏది పెట్టడు, నువ్వు పరేషాన్ కాకు. ఆయన పారేస్తుంటే నేనే అడుక్కొని తెచ్చుకున్న. ఊకెనే ఏం ఇయ్యలే, ఆయన ఇద్దరు బిడ్డలకు ఎండకాలం టైపు నేర్పిన.

నీలం అట్టది జర పక్కకు పెట్టు. ఎవ్వలకు ఇయ్యకు. ఎందుకో మల్ల రాస్త.

కంకులు అందినయ్. మీ బావ రెండు తిన్నడు. నడుము అట్లనే ఉన్నది, లేస్తే కూసుండనియ్యది, కూసుంటే లేవనియ్యది.

గంగామణి


ఖానాపూర్,
23 ఆగస్టు 1997

అక్కా,

వారం దాకా చూశాను, నీ నుంచి జవాబు లేదు. నీ మౌనం నాకు జవాబే. నీకు కూడా ఆ పుస్తకాల విలువ తెలుసన్న మాట.

మందిరంలో తీర్మానం చేశాం. బస్టాండు రేకుల కింద మిర్చీలు, ఉప్పుపల్లీలు అమ్మే సత్తమ్మ తెలుసు కదా, మన కిష్టవ్వ పెద్దమ్మ వాడకట్టు ఆమె. వానలకు ఆమెకు పొట్లాలు కట్టే కాగితం దొరకడం లేదు. పేపర్ నూనెకు కరిగిపోతోంది. నీ పెట్టె మొత్తం మోసుకుపోయి ఆమె గంప పక్కన పెట్టి, "ఇవి మంది సొత్తు, మందికే పోవాలె" అని చెప్పాను. ఆమె ఒక ఆకు చింపి వేళ్ల మధ్య రాచి చూసింది. నున్నటి మందపాటి కాగితం. మొహం వెలిగిపోయింది.

చూశావా, ఆ పుస్తకాలు పుట్టిన తర్వాత మొదటిసారి ఒక మనిషి బరువు దించాయి. నా రెండు ప్రశ్నలకు మిర్చీ జవాబు చెప్పింది.

నువ్వు ఆ స్కూలాయనకు భయపడి మోస్తున్నావేమో అని నాకు అనుమానం. భయపడకు. ఏమన్నా అంటే నా పేరు చెప్పు.

పోశెట్టి


మంచిర్యాల,
29 ఆగస్టు 1997

పోశెట్టీ,

మన జాబులు తొవ్వల ఒకదానికొకటి ఎదురైనట్టున్నయ్. నాది నీకు అందే వరకు నువ్వు చేయాల్సిన పని చేసి పెట్టినవు. ఇప్పుడు విను. నడుమ అడ్డం రాకు.

మా రైస్‌మిల్లు సేటు హైదరాబాద్‌ల ఎవరో పారేసిన కంప్యూటర్ పట్టుకొచ్చిండు. పాతది. ఎలుక లేదు, బొమ్మలు లేవు. నల్ల తెర, ఆకుపచ్చ అచ్చరాలు. దసరకు ఆయుధపూజల దానికి బొట్టు పెట్టి, పండుగ తెల్లారి నుంచి లారీల లెక్క, గోనెసంచుల బర్దాన్ లెక్క అంత దాంట్లనే ఎక్కియ్యాలని ఆయన పంతం. మిల్లుల టైపు మిషన్ మీద ఇద్దరం ఉన్నం, నేను, సరళ. "ఎవ్వలకు ఈ మిషన్ నడుపొస్తే వాళ్లుంటరు, ఇంకొకరు వేరే తావు చూసుకోండ్రి" అన్నడు. సరళ కంప్యూటర్ స్కూల్ల సర్టిఫికెట్ తీసుకున్నది. అదంతా విండోస్. ఈ మిషన్ ముందల కూసుంటే ఆమెకూ ఏం తోచలే. అందుకే నాకు ఆశ పుట్టింది.

మిషన్ పెట్టంగనే తెర మీద ఒక నంబరు పడ్తది. అదే నంబరు ఆ నీలం పుస్తకం అట్ట మీద ఉన్నది. స్కూలాయన పారేసే కుప్పల నేను వెతికి పట్టిన. మిగిలినయి దాని వెంబడి వచ్చినయ్, అంతే.

నాకు ఇంగ్లిష్ టైపు హయ్యర్ పాసు. నా వేళ్లకు ఇంగ్లిష్ వస్తది, నాకు రాదు. సేటు ఇచ్చిన కాయితం చూసి తప్పులేకుంట కొడ్త, ఏం కొట్టిన్నో నాకు తెల్వది. నీకు చదువ వస్తది. పనికొస్తదని నువ్వు రాస్తే, జర తెలుగుల రాసి పంపు తమ్మీ అని అడుగుదామనుకున్న. ముందుగాలనే అడిగితే సేటుకు గులామువి అని నాలుగు పేజీలు రాస్తవని అడుగలే. నేను అడుగకముందే నువ్వు రాసినవు.

మస్కట్ నుంచి మీ బావ వచ్చినంక ఇల్లు ఎవ్వల చేతుల మీద నడుస్తుందో నీకెరుకే. ఆ నౌకరి పోతే నేను బీడీల చాట ముంగటేసుకోవాలె. మంది బరువు దించినవట. మీ అక్క మందిల లేదా?

పుస్తకం తెస్తవో, పొట్లాలు తెస్తవో నాకు తెల్వది. అది నాకు కావాలె.

గంగామణి


ఖానాపూర్,
6 సెప్టెంబర్ 1997

అక్కా,

నీ జాబును రెండుసార్లు చదివాను. మొదటిసారి నీ మీద కోపం వచ్చింది, ముందే ఎందుకు చెప్పలేదని. ఆ కోపం ఇంకా ఉంది. నన్ను అడగడానికి నువ్వు భయపడడం నాకు అవమానం. రెండోసారి చదివినప్పుడు వచ్చిన కోపం ఎవరి మీదో రాయను.

సత్తమ్మ దగ్గరకు పరుగెత్తాను. మిగతావి అయిపోయాక నీలం అట్టదాన్ని ఆ రోజే మొదలుపెట్టింది, అదీ మొదటి నుంచి చింపలేదు. మధ్యలో కుట్టు వదులుగా ఉన్న చోట పట్టి, ఆకులు గుంజి పొట్లాలు చుట్టి గంపలో పేర్చింది. ఒకటి అప్పటికే అమ్ముడుపోయింది. ఇవి మా అక్కవి, తిరిగి ఇయ్యి అన్నాను.

ఆమె మూకుట్లోంచి కళ్లు తీయకుండా, "గివి మందియి అంటివి. మందిల నేనున్న గదా, నాకే ఇస్తివి. నాలుగు దినాలకే మీ అక్కయి ఎట్లయితయి?" అంది. బస్సుకు నిలబడ్డవాళ్లంతా నవ్వారు. నేను మందిరంలో చెప్పే మాటలను ఆమె నా మీదికే విసిరింది. పాత పేపర్లు తెస్తానన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "గంతే మందం కాయితం తే. తెచ్చి తీస్కపో. ఉద్దెర లేదు."

ఖానాపూర్‌లో అంత కాగితం నా దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు. నా కరపత్రాలు. ఆదిలాబాద్ నుంచి, కరీంనగర్ నుంచి, ఎక్కడ సభ జరిగితే అక్కడి నుంచి తెచ్చి కట్టలు కట్టి దాచుకున్నవి. అవి చదివే నేను మనిషినయ్యాను. ఒక కట్ట మోసుకుపోయాను. సత్తమ్మ ఒకటి తీసి అటూ ఇటూ తిప్పింది. "వీటిని పట్టుకుంటే పోలీసులైతే రారు గద?" అంది. ఇవి రైతుల మీద, బీడీ కార్మికుల మీద, ప్రెస్సు పేరుతో అచ్చయినవే అని చెప్పాను. అప్పుడామె మూకుట్లోంచి ఒక మిర్చీ తీసి దాని మీద పెట్టింది. చూస్తుండగానే నూనె అవతలి వైపుకు దిగింది. "పల్లీలకు నడుస్తయ్, మిర్చీలకు నడువయ్. ఒకటికి రెండు కట్టలియ్యి" అంది.

రెండు కట్టలు ఇచ్చాను. ఇస్తుంటే చూశాను, ఒక్కదాని మీద కూడా మరక లేదు, గీత లేదు, అంచులన్నీ తెల్లగా ఉన్నాయి. అంత భద్రంగా పెట్టుకున్నాను. ఆమె నా కళ్ల ముందే వాటిని నాలుగు ముక్కలు చేసింది. నువ్వు ఇది చదివి నవ్వుతుంటావు. నవ్వు.

పొట్లాలన్నీ విప్పాను. ఇస్త్రీ పెట్టె కింద పెట్టి సాపు చేశాను. ఉప్పు దులిపాను. ఒక్క ఆకు తప్ప అన్నీ దొరికాయి. దాన్ని కూడా పట్టుకుంటాను.

మొదటి రెండు అధ్యాయాలు తెలుగులో రాసి పంపుతున్నాను. మచ్చుకు ఇక్కడే ఒకటి చూడు: "మిషన్ పెట్టగానే తెర మీద ఎ అనే అక్షరం, పక్కన ఒక బాణం గుర్తు వస్తాయి. (ఈ ఒక్క మాటకు ఈ మహానుభావుడు రెండు పేజీలు తిన్నాడు.) డి, ఐ, ఆర్ అని కొట్టి ఎంటర్ నొక్కితే ఫ్లాపీలో ఏమేం ఉన్నాయో వరసగా చూపిస్తుంది. (ఎందుకు చూపిస్తుందో చెప్పడు. చెబితే వాడి సొమ్మేం పోయింది?)" అట్లా ఉంటుంది.

ఇప్పుడు కూడా చెబుతున్నాను, ఈ పుస్తకం ముసలిదే. నీ సేటు అంతకంటే ముసలి మిషన్ కొన్నాడు కాబట్టి దీనికి ప్రాణం వచ్చింది. అది పుస్తకం గొప్పతనం కాదు.

పోశెట్టి


మంచిర్యాల,
13 సెప్టెంబర్ 1997

పోశెట్టీ,

నవ్వలే. నవ్వుదామనుకున్న గని మీ బావ ముందుగాల నవ్విండు, ఆయనకు నడుము పట్టి మల్ల మొత్తుకున్నడు.

నువ్వు రాసింది మిల్లుల బల్ల సొరుగుల పెట్టుకొని, పొద్దుగూకి సేటు ఇంటికి పోయినంక చూసుకుంట కొడుతున్న. డి, ఐ, ఆర్ కొట్టిన, వరుసగ పడ్డయ్. పేరు మార్చుడు వచ్చింది, తీసేసుడు వచ్చింది. సరళ గుమ్మం కాడ నిలబడి చూస్తుంది, అడుగది. నేనూ చెప్పలే. ఇద్దరం ఒకరి టిఫిన్ల ఒకరం తిన్నోళ్లం. ఇప్పుడు నీళ్లకుండ కాడ ఎదురుపడితే మొఖాలు తిప్పుకుంటున్నం.

ఒక పరేషాని ఉన్నది. నువ్వు ఎ వస్తది అని రాసినవు. మా మిషన్ల సి వస్తుంది. పుస్తకం తప్పా, నువ్వు తప్పా, మిషన్ తప్పా? ఊకెనే తిట్లు రాసుడు కాదు, గిది చెప్పు. నీ తిట్లతోటి చదువుడు అడ్డం వస్తుంది. ఒక మాట పని ఉంటే రెండు మాటలు లొల్లి ఉన్నది. తీసెయ్యి.

సేటు పరీక్ష ఏందో చెప్పిండు. కొత్త ఫ్లాపీ ఒకటి తయారు చేసి, లారీల లెక్క దాంట్లకు ఎక్కిచ్చి ఆయన చేతుల పెట్టాలె. అది కరీంనగర్ ఆడిటర్ దగ్గరకు పోతదట. ఫ్లాపీ కొత్తగ కొన్నది ఉత్తగ పనిచేయదట, ముందుగాల దాన్ని మిషన్‌ల పెట్టి సిద్ధం చేయాలట. అది ఎట్లనో జల్ది పంపు. ఈ నెలాఖరు శనివారం పరీక్ష. మిల్లు లెక్కలన్ని మిషన్ బిగిచ్చినోడు, లెక్కలు రాసే మునిమ్ చదువుతుంటే, ఇప్పటికే దాంట్ల ఎక్కిచ్చి పోయిండు, కాయితాలు కట్టి అటక మీద పడేసిండ్రు. ఏమన్న అయితే సేటు నన్ను మిషన్ల పోసి ఊక చేస్తడు.

ఆ ఆకు దొరికిందా?

గంగామణి


ఖానాపూర్,
20 సెప్టెంబర్ 1997

అక్కా,

తిట్లు తీయను. నేను నీకు జీతం లేకుండా పనిచేస్తున్నాను, ఈ పుస్తకం రాసినవాణ్ణి తిట్టడమే నా జీతం. నచ్చకపోతే నీ సేటును తర్జుమా చేయమను.

నీ ప్రశ్నకు జవాబు. ఎ అంటే ఫ్లాపీ పెట్టే నోరు. సి అంటే మిషన్ కడుపులోనే ఉండే పెద్ద గిన్నె లాంటిది, అందులో అన్నీ దాస్తారు. ఈ పుస్తకం రాసిన రోజుల్లో చాలా మిషన్లకు ఆ గిన్నె లేదు, ఉన్నవాళ్లు షావుకార్లు. అందుకే వీడు ఎ మీదనే పాట పాడుతున్నాడు. నీ మిషన్ తప్పు లేదు, నా తప్పు లేదు. వీడే కాలానికి వెనక ఉన్నాడు. నేను మొదటి రోజే చెప్పాను.

మూడు, నాలుగు అధ్యాయాలు ఇందులో పెట్టాను. నువ్వడిగిన కొత్త ఫ్లాపీ సంగతి నాలుగో దాంట్లో ఉంది. ఏ పేజీ వదల్లేదు. ఇది ఆ భాగం:

"ఫార్మాట్ అనే మాటను ఇంగ్లిష్‌లో కొట్టి ఎంటర్ నొక్కాలి. (నలభై రెండో పేజీ అంతా ఈ మాట పుట్టుపూర్వోత్తరాలే. ఎవడడిగాడు?) అప్పుడు కొత్త ఫ్లాపీ పెట్టుమని తెర అడుగుతుంది. ఫ్లాపీ పెట్టి ఏదైనా ఒక మీట నొక్కవలెను. మిషన్ కొంతసేపు చప్పుడు చేయును. చప్పుడు ఆగిన పిమ్మట ఫ్లాపీ సిద్ధమైనట్లు తెలుసుకొనవలెను. తదుపరి దానిపై కావలసిన లెక్కలను ఎక్కించుకొనవచ్చును. (నలభై ఐదో పేజీలో మళ్లీ సోది. ఫ్లాపీని అయస్కాంతం దగ్గర పెట్టొద్దట. మన ఇళ్లలో అయస్కాంతాలు కుప్పలు పడి ఉన్నాయి కదా.)"

సరళ సంగతి రాశావు. మీ ఇద్దరికీ పోట్లాట పెట్టి సేటు పక్కన కూర్చొని చూస్తున్నాడు. ఇద్దరూ కలిసి "మేమిద్దరం ఉంటాం, లేకపోతే ఇద్దరం పోతాం" అని ఎందుకు అనరు? నేను అడిగితే నీకు కోపం వస్తుంది. అయినా అడిగాను.

పోశెట్టి


ఖానాపూర్,
27 సెప్టెంబర్ 1997, పొద్దున ఏడు గంటలు

అక్కా,

బస్సు ఇంజన్ నడుస్తుండగా బస్టాండు గద్దె మీద కూర్చొని రాస్తున్నాను. నాగయ్య హారన్ కొడుతున్నాడు. ముందు ఈ ఒక్క మాట చదువు, తర్వాత మిగతాది: ఫార్మాట్ అని కొట్టి ఊరుకోకు. దాని పక్కన కొంచెం ఎడం ఇచ్చి ఎ కొట్టి, పక్కన రెండు చుక్కలు పెట్టు. అప్పుడే ఎంటర్ నొక్కు. ఒట్టిగా నొక్కితే మిల్లు లెక్కలన్నీ పోతాయి.

ఆకు దొరకలేదు. నీకు దొరికిందన్నట్టు రాశాను. నలభై రెండో పేజీ చదివి, నలభై ఐదో పేజీ చదివి, నడుమ ఏముంటుందిలే అని నేనే కట్టి రాశాను. ఇంత మాటకు ఇంకేముంటుంది అనుకున్నాను. నువ్వు ఆకు దొరికిందా అని అడిగితే, దొరకలేదని రాయడానికి నాకు మనసొప్పలేదు.

ఈ రోజు నీ పరీక్ష కదా అని, నీకు రెండు మాటలు రాసి పంపుదామని బస్సు దగ్గరికి వచ్చాను. నాగయ్య పక్క కిటికీ అద్దం గడగడలాడుతుందని సందులో కాగితం కుక్కి పెట్టుకున్నాడు. నూనె మరక, నున్నటి కాగితం. గుంజి చూస్తే మన ఆకే. సత్తమ్మ దగ్గర మిర్చీలు తిని ఆ పొట్లాన్ని ఆయన అక్కడ పెట్టాడట. ఇన్ని రోజులుగా అది పొద్దున నీ ఊరికి పోయి సాయంత్రం నా ఊరికి వస్తోంది.

అందులో ఉంది. సి ఉన్న మిషన్లలో ఒట్టి ఫార్మాట్ కొడితే, మిషన్ ఫ్లాపీ పెట్టమనే అడుగుతుంది, నువ్వు పెడతావు, కానీ అది సి గిన్నెనే కొత్త ఫ్లాపీ అనుకొని మొత్తం తుడిచేస్తుంది. గళ్లు గీసి, లావు అక్షరాలతో రాశాడు. వీడు మొత్తం పుస్తకంలో పనికొచ్చే మాట ఒక్కటి రాశాడు, దాన్ని నేను పొట్లం కట్టించాను.

నాగయ్యను మిల్లు గేటు దాకా స్వయంగా పొమ్మన్నాను. బస్సు ఆలస్యమైతే డిపో మేనేజరుకు నేను జవాబు చెబుతానన్నాను.

పోశెట్టి


మంచిర్యాల,
2 అక్టోబర్ 1997

పోశెట్టీ,

నాగయ్య బస్టాండుల బస్సును ఇడిసిపెట్టి మిల్లు దాకా ఉరికొచ్చిండు. గేటు కాడ దమ్ము తీసుకుంట నీ జాబు నా చేతుల పెట్టిండు. పరీక్ష శుక్రవారమే అయిపోయింది. అమాస దగ్గర పడుతుందని సేటు ఒక దినం ముందుకు జరిపిండు.

ఏమైందో చెప్త. సేటు, మునిమ్, సరళ, ముగ్గురు నా వెనుక నిలబడ్డరు. వరుస చూపియ్యుడు, పేరు మార్చుడు, తీసేసుడు, అన్ని నడిచినయ్. కొత్త ఫ్లాపీ చేతికిచ్చిండు. నువ్వు రాసినట్టే ఫార్మాట్ అని కొట్టిన. వేలు ఎంటర్ మీదికి పోయింది.

ఆగిన.

నీ కాయితం పక్కకే ఉన్నది. అప్పటిదాకా ఎన్నిసార్లు చదివిన్నో. నాలుగు అధ్యాయాలల్ల నువ్వు తిట్టని పుట లేదు. మిషన్ పెట్టమన్నందుకు తిట్టినవు, బంద్ చేయమన్నందుకు తిట్టినవు. అయస్కాంతానికి తిట్టినవు. గా నలభై రెండు దాటినంక, నలభై మూడు కాడ, ఒక్క తిట్టు లేదు. "నొక్కవలెను", "తెలుసుకొనవలెను" అని పెండ్లి పత్రిక లెక్క సాఫ్‌గ ఉన్నది. నా తమ్ముడు పుస్తకం ముంగట ఉంటే గట్ల రాయడు. అక్కడ పుస్తకం లేదు అని నాకు గప్పుడు తోచింది.

కొట్టిందంత వెనుకకు తుడిచేసిన. "నేనిది నొక్క సేటూ" అన్న. సరళ పక్కున నవ్వింది. సేటు మొఖం ఎర్రగయింది, "గిన్ని దినాలు ఏం నేర్చుకున్నవ్ మరి" అన్నడు. మిషన్ వెంబడి వచ్చిన పాత ఫ్లాపీలు సొరుగుల ఉంటే ఒకటి తీసి, దాంట్ల ఉన్నది తీసేసి, లారీల లెక్క ఎక్కిచ్చి ఆయన చేతుల పెట్టిన. కొత్తది ఎందుకు చెయ్యలేవని అడిగిండు. "రాసినోడు ఈ పుట తిట్టలే" అన్న. ఆయనకు సమజ్ కాలే. దసర లోపల కొత్తది చేసి చూపిస్తేనే కుర్చీ నీది, లేకుంటే సరళది అన్నడు.

శనివారం నీ జాబు చదివి, ఎ పెట్టి, రెండు చుక్కలు పెట్టి అందరి ముంగటనే చేసిన. అయింది. సి ల లెక్కలు ఎక్కడియి అక్కడనే ఉన్నయ్. పొట్టంత కూడ పోలే. మిషన్ నాకు ఇచ్చిండు. సరళను తీసేస్త అన్నడు. బర్దాన్ లెక్క ఒక్కదానితోటి కాదు, ఆమె ఉంటేనే నేను కూసుంట అన్న. గునుసుకుంటనే ఒప్పుకున్నడు. నువ్వు రాసినందుకు అన్న అని మురువకు. ఒక్కదానితోటి నిజంగనే కాదు.

నిన్ను మెచ్చుకుంట రాస్తున్న అని కూడ అనుకోకు. మిల్లు మునిగిపోయేది. నేను బీడీల చాట కాడ ఉండేదాన్ని. దొరకలేదు అని ఒక్క మాట రాసుటానికి నీకు మనసొప్పలేదట. నాకు ఆ కోపం దసరకు తీరదు, దీపావళికి తీరదు.

మిగిలిన అధ్యాయాలు పంపు. ఆ ఆకును కూడ పంపు, నూనె మరకతోటే. తిట్లు తీసెయ్యమన్న గద, తియ్యకు. ఏ పుటల తిట్లు లేవో ఆ పుట నేను నమ్మ.

ఇంకొక ముచ్చట. నాగయ్య వచ్చినప్పుడు సత్తమ్మ దగ్గరి పల్లీలు తెచ్చిండు. మీ బావ తిన్నంక పొట్లం విప్పి చూసిన. నీ కరపత్రమే. నాలుగు దిక్కుల తిప్పి చూసిన తమ్మీ, అంచులన్ని తెల్లగనే ఉన్నయ్. దాంట్ల ఒక్క తిట్టు లేదు.

గంగామణి